మాణిక్యం పెరడు, పిచ్చయ్య తాత స్నానం

అటు తిరిగి పడుకున్నావేంటి బంగారూ? ఇటు తిరుగు. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఊ కొడితేనే కథ. కొట్టకపోతే నేను పడుకుంటా, నువ్వు దోమలతో మాట్లాడుకో. సరేనా?

అనగనగనగా, బండలు తప్ప మన్ను కనపడని ఒక ఊళ్ళో, మాణిక్యం అని ఒక కొత్తకోడలు ఉండేది.

ఆ ఊరి పేరు నాపరాళ్ళపాలెం. ఊరెనకాల కొండ. కొండ నిండా పలకలు పలకలుగా నాపరాయి. గునపంతో అంచు లేపితే పెనం మీద అట్టు లేచినట్టు లేచొచ్చేది బండ. అంచేత ఆ ఊళ్ళో అన్నీ బండలే. అరుగు బండ, వాకిలి బండ, గోడ బండ, గొడ్లచావిడి బండ. ఇంటి ముందర వీధి కూడా బండే. మేకపిల్ల గంతులేస్తే ఊరంతా టకటకా మోగేది.

మాణిక్యానిదేమో కాలవ కింద ఊరు. వాళ్ళ పుట్టింటి దగ్గర దోసకాయ తిని గింజ ఉమ్మేస్తే వారం తిరక్కుండా తీగ. అలాంటి పిల్ల ఈ ఊరికి కోడలై వచ్చి, మొదటిరోజే వెనక తలుపు తీసి చూసింది. చూసి నోరెళ్ళబెట్టింది. ఊరు మొత్తానికి బండ పరవని పెరడు ఆ ఒక్కటే! ఎర్రమన్ను. ఖాళీగా ఉంది. కానీ గోడకి ఆనించి వరసగా బండలు నిలబెట్టి ఉన్నాయి, ఎప్పుడెప్పుడు పడుకుందామా అన్నట్టు.

"అవేంటత్తయ్యా?" అంది మాణిక్యం.

"పెరట్లో పరవటానికే. నున్నగా బండలేయించి మిరపకాయలు ఆరబోసుకోవాలని నాకు ఎన్నాళ్ళ కోరికో," అంది అత్త సుబ్బరత్తమ్మ.

సుబ్బరత్తమ్మ చెడ్డది కాదమ్మా. గొంతు పెద్దది, అంతే. గేదెని పిలిస్తే పక్క వీధిలో గేదెలు కూడా వచ్చేవి. ఆ ఇంట్లో మగాళ్ళు తెల్లారకముందే క్వారీకి పోయి పొద్దుగూకాక వచ్చేవాళ్ళు కాబట్టి వాళ్ళని కథలోంచి వదిలేద్దాం. ఇంటి దగ్గర ఉండేది అత్త, కోడలు, ఒక గేదె, పిచ్చయ్య తాత. పిచ్చయ్య తాత అంటే సుబ్బరత్తమ్మకి మావగారు. పళ్ళు లేవు, నవ్వు మాత్రం ఉంది.

అప్పుడు మాణిక్యం ఏం చేసింది? పెరడు తనకిమ్మని అడిగింది. రోట్లో పచ్చడి నూరుతూ అడిగింది, అత్త వినపడనట్టు ఊరుకుంది. తల దువ్వుతూ అడిగింది, "చిక్కు తియ్యి ముందు" అంది. మూడోసారి అత్త వేడివేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకుంటున్నప్పుడు అడిగింది. నెయ్యి దగ్గర ఎవరి మనసైనా కాస్త కరుగుతుంది కదా.

"సరేలేవే," అంది సుబ్బరత్తమ్మ. "వచ్చే తొలకరి దాకా నీది. కానీ ఒక మాట. ఎక్కడ మొక్క ఎండితే అక్కడ నా బండ పడుద్ది. తొలకరి నాటికి పచ్చగా ఉన్నంత మేర నీ పెరడు. మిగతాది నా కళ్ళం. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా!" అంది మాణిక్యం. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ వయసు అలాంటిది.

వింటున్నావా? ఊ?

ఆ తర్వాత మాణిక్యం కొంగు దోపి పెరట్లోకి దిగింది. తన పుట్టింట్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే వేసింది. మధ్యలో నిట్టనిలువునా కాలవ. దానికి అటో పిల్లకాలవ, ఇటో పిల్లకాలవ. గోడ వారన వంగమొక్కలు, నిలబెట్టి కొలిచినట్టు వరసగా. వంట గది కిటికీ కింద బంతి. కాలవ గట్టున తోటకూర. మధ్యలో పందిరేసి దొండ. ఆ మూల అరటి, ఈ మూల బచ్చలి.

కొళాయి తిప్పితే నీళ్ళు కాలవలో జరజరా పాకేవి. మాణిక్యం గట్టు మీద కూచుని పాదాలు అందులో పెట్టేది. ఊళ్ళో ఆడవాళ్ళు గోడ మీదుగా తొంగి చూసేవాళ్ళు. ఎదురింటి సౌభాగ్యమ్మయితే, "సుబ్బరత్తొదినా, మీ కోడలు పుట్టింటి నుంచి ఏరుని కొంగున కట్టుకొచ్చిందా ఏంటి?" అనేది. సుబ్బరత్తమ్మ మూతి తిప్పుకునేది. కానీ వంకాయలు కోసుకునేది.

అంతా బాగానే ఉంది. అప్పుడు ఎండాకాలం వచ్చింది.

ఎండాకాలం అంటే మన ఊరిది కాదు తల్లీ. బండల ఊరి ఎండాకాలం. కింద బండ, పక్కన బండ, పైన సూర్యుడు. ఊరు ఊరంతా పెనం. బోర్లలో నీళ్ళు అడుగంటాయి. ఒకనాడు వీధిలో తప్పెట మోగింది.

"యావన్మందికీ తెలియజేసేదేమనగా! ఇయ్యాల్టి నుంచి కొళాయి రోజు విడిచి రోజు. ఇంటికి బిందెలు లెక్క. ఆ నీళ్ళు తాగటానికి, వండుకోటానికి, ఒళ్ళు కడుక్కోటానికి, గొడ్లకి పెట్టటానికి మాత్రమే. చెట్టుకీ చేమకీ పోసినోళ్ళ కొళాయి పీకేస్తాం హో!"

మాణిక్యం వెనక గుమ్మంలో నిలబడి విన్నది. ఆ పిల్ల కళ్ళు అప్పుడు కొళాయి వైపు పోలేదు. గోడకి ఆనించిన బండల వైపు పోయాయి.

మొదట వంగమొక్కలు పోయాయి. గోడ పక్కన కదా, బండగోడ పగలంతా కాలి సాయంత్రం కూడా సెగలు కక్కేది. ఆకులు అప్పడాల్లా అయ్యాయి. సుబ్బరత్తమ్మ ఒక బండ దొర్లించుకొచ్చింది, వంగ ఉన్నచోట పరిచింది, కాలితో తొక్కి సరిచూసుకుంది. ధన్.

ఆ తర్వాత బంతి పోయింది. ధన్.

ఆ తర్వాత తోటకూర పోయింది. ధన్.

మూడు బండలు పడ్డాయి. ఇహ మిగిలినవి దొండపందిరి, అరటి, బచ్చలి. అత్త మిరపకాయల బస్తాని చావిట్లోంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టుకుంది కూడా.

ఆ సాయంత్రం మాణిక్యం వెళ్ళి మూడో బండ మీద చతికిలపడింది. పడీ పడగానే లేచింది, కాలింది మరి! ఒళ్ళు మండిపోయింది ఆ పిల్లకి. ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. గునపం తెచ్చి, "నీ అంతు చూస్తా ఉండు" అని బండ అంచు కింద దూర్చి ఒక్క ఎత్తు ఎత్తింది.

ఏముంది కింద?

బంగారం కాదు. లంకెబిందెలు కాదు. తడి. ఊరంతా బీటలు తీసిన ఆ ఎండలో, బండ కింద మన్ను నల్లగా, చల్లగా, పుట్టింటి కాలవగట్టులా తడిగా ఉంది. ఒక వానపాము కూడా ఉంది. ఎవరే నా దుప్పటి లాగింది అన్నట్టు అటూ ఇటూ తిరిగి మళ్ళీ లోపలికి పోయింది.

మాణిక్యం అక్కడే గొంతుక్కూచుంది. అరచేయి మన్నులో పెట్టి చాలాసేపు అలాగే ఉంది. తనెంత పిచ్చిపని చేసిందో ఆ చేతికి తెలిసింది. కాలవ కింద ఊరి తోటని తెచ్చి బండల ఊళ్ళో పెట్టింది. ఇక్కడ నీళ్ళు పారకూడదు, దాక్కోవాలి.

మర్నాడు పొద్దున్నే లేచి, తన చేత్తో తవ్విన కాలవలన్నీ తన చేత్తోనే పూడ్చేసింది. పెద్దదీ పూడ్చింది, పిల్లవీ పూడ్చింది. దొండకి, అరటికి, బచ్చలికి దేని పాదు దానికి లోతుగా గిన్నెలా తీసింది. నాపరాళ్ళపాలెంలో శనక్కాయ పొట్టుకి కరువు లేదు, ఎవరింటి వెనక చూసినా కుప్పలే. బుట్టలతో మోసుకొచ్చి పాదుల్లో మందంగా పరిచింది. గాలికి ఎగిరిపోకుండా పైన విరిగిన బండముక్కలు పేర్చింది.

సుబ్బరత్తమ్మ వచ్చి నడుం మీద చేతులేసుకుని చూసింది. "ఇదేంటే! నా బండలు నువ్వే వేస్తున్నావు?"

"మీకు సాయం చేస్తున్నానత్తయ్యా," అంది మాణిక్యం.

అత్త గేదె దగ్గరికెళ్ళి దాన్ని తిట్టింది.

సరే, దాక్కోటానికి చోటైతే దొరికింది. మరి దాక్కోటానికి నీళ్ళేవి? మాణిక్యం ఒకరోజంతా ఏ పని చేస్తున్నా నీళ్ళ వెంటే కళ్ళేసి తిరిగింది. బిందెలోంచి బయల్దేరిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? చూడగా చూడగా, మూడు దార్లు కనపడ్డాయి. బియ్యం కడిగిన నీళ్ళు గేదె కుడితితొట్టిలోకి. తాతయ్య స్నానం నీళ్ళు తూములోంచి వీధిలోకి. పొద్దున్నే కళ్ళాపి నీళ్ళు వాకిట్లోకి.

మొదట బియ్యం కడుగు తెచ్చి బచ్చలికి పోసింది. సాయంత్రం గేదె కుడితితొట్టిలో మూతి పెట్టి, ఒట్టి చిట్టు తగిలేసరికి తలెత్తి అరిచింది చూడూ! ఆ రోజు చెంబెడు పాలు తక్కువిచ్చింది. "దాని నోటి దగ్గరిది లాక్కుంటావా, దాని ఉసురు తగలదా?" అంది అత్త. మాణిక్యానికీ సిగ్గేసింది. గేదెకి దణ్ణం పెట్టి, గంగడోలు నిమిరి, "ఇంకెప్పుడూ చెయ్యను" అని చెప్పింది.

ఆ తర్వాత పిచ్చయ్య తాత దగ్గరికెళ్ళింది.

"తాతయ్యా, రోజూ ఆ గోడల మధ్య ఉక్కలో ఏం స్నానం? హాయిగా పెరట్లో చేయొచ్చుగా?"

"దిశమొలతోనా?"

"గోచీతో తాతయ్యా. దడి కట్టిస్తా."

"నన్ను చెట్టు కింద కూచోబెట్టి అభిషేకం చేస్తావన్నమాట."

"చెట్టుక్కూడా తడి తగులుద్ది కదా, పుణ్యం."

పిచ్చయ్య తాత బోసినోటితో నవ్వాడు. "నా పుణ్యమా నీ దొండకాయలా? సరే పద."

అంతే. తాటాకులతో దడి కట్టింది. స్నానాలబండ దొర్లించుకొచ్చింది. ఒకరోజు దొండపందిరి కింద, ఒకరోజు అరటి మొదట్లో, ఒకరోజు బచ్చలి పక్కన. తాతయ్యది సున్నిపిండి స్నానం, సబ్బు ముట్టడు. కాబట్టి మొక్కలకి కళ్ళు మండలేదు. ఆయన మాత్రం పైనుంచి దొండపూలు రాలి బోడితల మీద పడుతుంటే, "ఒసే మాణిక్యం, దేవతలు పూలవాన కురిపిస్తున్నారే" అని కేకలు పెట్టేవాడు. స్నానం అయ్యాక కూడా లేచేవాడు కాదు.

మొక్కలు తలెత్తాయి. దొండ కాపు పట్టింది. అరటి కొత్తాకు విప్పింది. కానీ ముగ్గురికీ ఒక్క స్నానమే కదా? వంతు రాని రోజున బచ్చలి వేలాడిపోయేది. సుబ్బరత్తమ్మ రోజూ పొద్దున్నే వచ్చి బచ్చలాకు పట్టుకుని చూసేది. ఎండిందా, ఎండుతుందా అని. గోడ దగ్గరున్న బండల్లో ఒకదాన్ని ఇవతలికి జరిపి పెట్టుకుంది.

ఒకనాటి తెల్లవారుజామున బచ్చలి తీగ మరీ సోలిపోయింది. ఆకులు నేలకి ఆనుకున్నాయి. మాణిక్యం చేతిలో కళ్ళాపి బకెట్టు ఉంది. బిందెలు తొలిచిన నీళ్ళలో పేడ కలిపి, వాకిట్లో చల్లటానికి తీసుకెళ్తోంది. గుమ్మంలో నిలబడి వాకిలి చూసింది. వాకిలంతా నున్నటి బండ. చల్లిన నీళ్ళు చల్లినట్టే జారి వీధిలో పడతాయి. ఏ గడ్డిపరకకీ అందవు.

అప్పుడు మాణిక్యం వెనక్కి తిరిగింది. బకెట్టు బకెట్టు మొత్తం తీసుకెళ్ళి బచ్చలి పాదులో పోసేసింది. కళ్ళాపి లేకపోతే ముగ్గెక్కడిది? ముగ్గూ వేయలేదు. తాతయ్య కూడా ఆ రోజు తొందరగా స్నానానికి దిగాడు.

ఏమవుద్దో చెప్పు చూద్దాం? ఉహూ, నీకు తెలియదులే.

తెల్లవారింది. ఎదురింటి సౌభాగ్యమ్మ తన వాకిట్లో ముగ్గు పెట్టి తలెత్తింది. సుబ్బరత్తమ్మ వాకిలి చూసింది. కళ్ళాపి లేదు! ముగ్గు లేదు! రోజూ ఈ వేళకి అరుగు మీద కూచుని ఖళ్ళు ఖళ్ళున దగ్గే పిచ్చయ్య తాత లేడు!

ఏ ఇంటి ముందు ముగ్గు ఉండదు బంగారూ? ఎవరన్నా పోయిన ఇంటి ముందు ఉండదు.

సౌభాగ్యమ్మ చేతిలో ముగ్గుగిన్నె కింద పడింది. "అయ్యో, పిచ్చయ్య బాబాయ్!" అంది. అని పక్కింటికి చెప్పింది. పక్కింటావిడ పై ఇంటికి చెప్పింది. పై ఇంటావిడ వీధి చివరిదాకా చెప్పింది. ఇంకేముంది! వీధి వీధంతా కొంగులు నోటికడ్డం పెట్టుకుని, ముక్కులు చీదుకుంటూ, ఎవరి పని అక్కడ వదిలేసి సుబ్బరత్తమ్మ ఇంట్లోకి వచ్చి పడింది.

సుబ్బరత్తమ్మ అప్పుడే పాలు పిండి చెంబుతో వస్తోంది. సౌభాగ్యమ్మ ఒక్క దూకు దూకి ఆవిణ్ణి వాటేసుకుంది. "ఎంత పని జరిగిపోయింది వదినా! నిన్న సాయంత్రం కూడా నాతో పరాచికాలాడాడే! బంగారంలాంటి మనిషి!"

"ఎవరే?" అంది సుబ్బరత్తమ్మ, పాలు ఒలక్కుండా చెంబు పైకెత్తి.

"ఇంకెవరు? మీ మావ!"

ఈవిడింత ఇదిగా ఏడుస్తుంటే సుబ్బరత్తమ్మ నిజమేననుకుంది. "ఓరి దేవుడో!" అని వెనక్కి పరిగెత్తింది. వెనకాలే ఊరంతా పరిగెత్తింది. దడి తోసేశారు.

దొండపందిరి కింద స్నానాలబండ మీద పిచ్చయ్య తాత, ఒళ్ళంతా సున్నిపిండితో, నెత్తిన మూడు దొండపూలతో కూచుని ఉన్నాడు. పక్కన చెంబు పట్టుకుని మాణిక్యం.

తాతయ్య తువ్వాలు గబుక్కున లాక్కున్నాడు. "ఏంటర్రా, అందరూ ఏడుస్తున్నారు? ఎవరు పోయారు?"

సౌభాగ్యమ్మ మెల్లిగా, "నువ్వే బాబాయ్" అంది.

"నేనా? ఎప్పుడు?"

"పొద్దున్నే. వాకిట్లో ముగ్గు లేదుగా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కిసుక్కు పాకి పాకి పెరడంతా గొల్లుమంది. తాతయ్య ఒళ్ళు కదిలేలా నవ్వాడు, సున్నిపిండి రాలిపడేలా.

నవ్వనిది ఒక్క సుబ్బరత్తమ్మే. ఆవిడ మొహం కందగడ్డ అయింది. "నా వాకిట్లో ముగ్గు లేదా? బతికుండగా నా ఇంటిని చావింటిని చేశావా? నా పరువు తీసుకెళ్ళి పాదులో పోశావా?" మాణిక్యం వైపు చెయ్యి చాచింది. ఆ గొంతుకి చావిట్లో గేదె లేచి నిలబడింది. "ఇహ తొలకరీ లేదు, గిలకరీ లేదు. ఇయ్యాలే ఈ పెరడంతా బండలు పరిచేస్తా. ఇదిగో, ఊరంతా సాక్షి!"

మాణిక్యం చెంబు కింద పెట్టింది. "అత్తయ్యా, ముగ్గు వేయకపోవటం నా తప్పే. చెంపలేసుకుంటా. కానీ ఒక్కసారి ఆ బచ్చలి చూడండి. తెల్లారి నేలకి వాలిపోయి ఉంది. ఇప్పుడెలా ఉందో చూడండి. వాకిట్లో బండ ఆ నీళ్ళు ఎప్పుడన్నా తాగిందా?"

అందరూ బచ్చలి వైపు తిరిగారు. బచ్చలి తల ఎత్తుతోంది. మెల్లిగా, నిద్ర లేచిన పిల్లలా. అప్పుడే ఆ ఆడవాళ్ళంతా చుట్టూ చూశారు. ఎండ ఎక్కింది, కానీ ఇక్కడ చురుక్కుమనటం లేదు. పందిరి కింద నీడ చల్లగా ఉంది. ఒకావిడ అరటాకు నీడన కూచుంది. ఆవిడ పక్కన ఇంకొకావిడ కూచుంది. సౌభాగ్యమ్మ దొండకాయ ఒకటి తెంపి కొరికి, అప్పుడు కళ్ళు చిన్నవి చేసి అడిగింది.

"అవునే అమ్మాయ్, ఊరంతా మాడిపోతుంటే నీకీ పచ్చదనం ఎక్కడిది? కొళాయి నీళ్ళు పోస్తున్నావా, నిజం చెప్పు."

"నా ఒంటి నీళ్ళే అవన్నీ," అన్నాడు తాతయ్య. "నువ్వు తింటున్న ఆ దొండకాయ ఉందే, అది నా వీపు కడిగిన నీళ్ళే."

సౌభాగ్యమ్మ నమలటం ఆపింది. మళ్ళీ గొల్లుమన్నారు.

సుబ్బరత్తమ్మకి మావగారితో ఎదురు మాట్లాడే అలవాటు లేదమ్మా. ఆవిడ కూడా ఆ ఇంటి కోడలే కదా. కొంగు తల మీదికి లాక్కుని, గేదె వైపు తిరిగి, గేదెతో చెప్పింది. "అందరూ నవ్వండి. రేపు పొద్దున మళ్ళీ నా వాకిలి బోసిగా ఉంటే, మళ్ళీ ఏడవటానికి వస్తారు. నా ఇంటి మర్యాద సంగతేంటో ఆ పెద్దాయన్నే చెప్పమను."

పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. "ఒసే గేదే, మీ సుబ్బరత్తమ్మకి చెప్పు. ముగ్గు పడాల్సిందే. ముగ్గుంటేనే నేనున్నట్టు. ఆ మాట మీద ఆవిడదే గెలుపు. కానీ ముగ్గుకి కావాల్సింది బండ. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే అద్దంలా ఉంటుంది మన వాకిలి, దాని మీద ముగ్గు ముత్యంలా కూచుంటుంది. బకెట్టు నీళ్ళెందుకు? ఆ బకెట్టు పాదుకిచ్చెయ్యమను. ముగ్గు మాత్రం పెద్దది వెయ్యమను. నేను బతికున్నానని కొండమీది క్వారీ దాకా కనపడాలి."

గేదె చెవులాడించింది. సుబ్బరత్తమ్మ నీడలో కూచున్న ఆడవాళ్ళని చూసింది. అందులో ఒకావిడ, "మా ఇంటికి పోవాలంటే భయమేస్తుందే సుబ్బరత్తా, కొలిమిలా ఉంటుంది. ఇంకాసేపు కూచుంటాం" అంది. అది విన్నాక సుబ్బరత్తమ్మ మొహంలో కందగడ్డ రంగు కాస్త దిగింది.

"కూచోండి. ఎవరొద్దన్నారు?" అంది. "మజ్జిగ కలుపుతా. వచ్చినోళ్ళని ఒట్టి నోటితో పంపటం మా పెరట్లో లేదు."

మా పెరడు అంది, విన్నావా?

ఆ రోజు బండ పడలేదు.

మర్నాటి నుంచి అత్త తడిగుడ్డతో వాకిలి తుడిచేది, కోడలు ముగ్గు వేసేది. వీధికి ఆ చివర నుంచి ఈ చివరిదాకా పాకే పద్మాలు, మెలికలు, తీగలు. కళ్ళాపి బకెట్టు బచ్చలికి. స్నానం ఒకరోజు దొండకి, ఒకరోజు అరటికి. పిచ్చయ్య తాత పొద్దున్నే అరుగు మీదికి వచ్చి కళ్ళు చికిలించి అడిగేవాడు.

"ముగ్గుందా?"

"ఉంది తాతయ్యా."

"అయితే నేనున్నట్టే. నీళ్ళు తోడు."

నాలుగిళ్ళవాళ్ళు చూసి, తమ పెరళ్ళలో ఒక్కో బండ లేపి చూసుకున్నారు. కింద తడి చూసి, సౌభాగ్యమ్మ కూడా ఒక దొండకొమ్మ అడిగి పట్టుకెళ్ళింది. "మీ ఆయన స్నానం చేస్తాడా అసలు?" అని ఎవరో అంటే, "చేయిస్తా, దొండ కోసమైనా చేయిస్తా" అంది.

అలా ఎండాకాలం గడిచింది. ఒకనాటి మధ్యాహ్నం కొండ మీద మబ్బు దిగింది. బండల మీద మొదటి చినుకులు టపటపా పడ్డాయి. వాసన? ఆ వాసన నీకు నేను చెప్పలేను తల్లీ, వానొచ్చినప్పుడు నువ్వే చూద్దువుగాని.

తొలకరి. మాట అనుకున్న రోజు.

సుబ్బరత్తమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని పెరట్లోకి దిగింది. మాణిక్యం వెనక గుమ్మం పట్టుకుని నిలబడింది. అత్త దొండపందిరి కిందికెళ్ళింది, పచ్చగా ఉంది. అరటి దగ్గరికెళ్ళింది, గెల వేసింది. బచ్చలి దగ్గరికెళ్ళింది, గోడెక్కి వీధిలోకి తొంగి చూస్తోంది. అప్పుడు సుబ్బరత్తమ్మ తిరిగి, పరిచిన మూడు బండల దగ్గరికి వచ్చింది. గోడ దగ్గరున్న గునపం తీసుకుంది.

మాణిక్యం గుమ్మాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

అత్త గునపాన్ని మొదటి బండ అంచు కింద దూర్చింది. మూలిగింది. బండ లేవలేదు. వెనక్కి తిరిగి అరిచింది. "గుడ్లప్పగించి చూస్తావేం? ఇటొచ్చి ఒక చెయ్యెయ్యి. నేనొక్కదాన్నే ఎత్తగలనా?"

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకేంటే? ఇక్కడ వంగ ఉండేది కదా. గుత్తొంకాయ తిని ఎన్నాళ్ళయింది?"

మాణిక్యం వానలోకి ఒక్క పరుగు తీసింది. అత్తాకోడళ్ళు చెరో పక్కా పట్టి బండ లేపారు. లేపాక మాణిక్యం అంది, "గోడ పక్కన వద్దత్తయ్యా, మళ్ళీ కాలుద్ది. ఈసారి వంగని అరటి నీడన పెడదాం."

"ఆ ముక్కేదో లేపకముందు చెప్పొచ్చుగా! నడుం విరిగింది," అంది సుబ్బరత్తమ్మ. కానీ నవ్వింది.

మరి మిరపకాయలో అంటావా? ఆ మూడు బండలూ, గోడకున్న మిగతా బండలూ పాదుల మధ్య దారిగా పరిచారు. మిరపకాయలు వాటి మీద ఎర్రగా ఎండాయి. పక్కన దొండ పచ్చగా కాసింది. ఎవరిది వాళ్ళకి దక్కింది.

ఆగు, ఇంకొక్క ముక్కుంది. వాన వెలిసిన మర్నాడు పిచ్చయ్య తాత అరుగు మీదికి వచ్చాడు. వాకిలి చూశాడు. ముగ్గు లేదు!

"ఒసే మాణిక్యం! సుబ్బరత్తా! నేను పోయానే!" అని ఒకటే కేకలు.

మాణిక్యం ముగ్గుగిన్నెతో పరిగెత్తుకొచ్చింది. "లేదు తాతయ్యా, లేదు. వాన చెరిపేసింది. ఇదిగో, ఇప్పుడే వేస్తా."

తాతయ్య గుండె మీద చెయ్యేసుకుని కుదుటపడ్డాడు. "అయితే నీళ్ళు తోడు. ఇయ్యాల దొండ కింద."

"ఇహ మీకా బాధ లేదు తాతయ్యా. వానలొచ్చాయిగా. హాయిగా లోపల గదిలో చేయండి."

"పోవే," అన్నాడు పిచ్చయ్య తాత, తువ్వాలు భుజాన వేసుకుని అప్పటికే పెరటి దారి పడుతూ. "నెత్తిన రెండు దొండపూలు రాలకపోతే నాకు స్నానం చేసినట్టే ఉండదు."

అదీ కథ. రేపు నీ స్నానం ఏ చెట్టు కిందో ఇప్పుడే చెప్పు. జామచెట్టు కిందా? సరే, జామచెట్టుకి చెప్తాలే. ఇహ కళ్ళు మూసుకో.

బకెట్టు నీళ్ళు బచ్చలికి,
దోసెడు నీళ్ళు దొండతీగకి,
తాతకు పువ్వు, వాకిటికి ముగ్గు,
కథేమో నడిచిపోయె కంచికి,
మనమేమో ఒదిగిపోదాం మంచానికి.